పదిహేనేళ్లకే కాలేజీ: సీటు రావడం ఒకటి, నిలదొక్కుకోవడం మరొకటి

హైదరాబాద్‌లో బాగా చదివే పిల్లల ఇళ్లలో తొందర చాలా ముందే మొదలవుతుంది. ఐదో తరగతిలో ఉండగానే ‘డబుల్ ప్రమోషన్ ఇప్పిద్దామా’ అన్న మాట వస్తుంది. ఆరో తరగతికి ఐఐటీ ఫౌండేషన్ బ్యాచ్, ఎనిమిదికి ఇంటర్ లెక్కలు, తొమ్మిదికి జేఈఈ మెటీరియల్. సిలబస్ ఇంత ముందే అయిపోయినప్పుడు ఇంకా రెండేళ్లు బడిలో కూర్చోబెట్టడం ఎందుకు, నేరుగా కాలేజీకి పంపేస్తే సరిపోదా అనే ప్రశ్న సహజంగానే పుడుతుంది.

ఆ ప్రశ్న న్యాయమైనదే. చదువులో నిజంగా ముందున్న పిల్లలను వయసు పేరు చెప్పి అక్కడే ఆపేస్తే వాళ్లకు చదువంటేనే విసుగు పుడుతుంది. తెలిసిన పాఠాన్నే ఏడాది పొడుగునా మళ్లీ వినమనడం ఒక రకమైన శిక్ష. కాకపోతే మన దగ్గర జరుగుతున్న సన్నాహమంతా కాలేజీలో సీటు కోసమే. సీటు వచ్చాక అక్కడ చదవడానికి కావలసిన సన్నాహం గురించి ఆలోచిస్తున్నవాళ్లు చాలా తక్కువ. పద్దెనిమిదేళ్లవాళ్లకే కష్టంగా ఉండే ఆ మార్పును పదిహేనేళ్ల పిల్లలు ఏ సాయమూ లేకుండా తట్టుకోవాల్సి వస్తోంది.

ముందుగా నిబంధనలు తెలుసుకోవాలి. చాలా ఇళ్లలో వేసుకున్న లెక్కలు తారుమారయ్యేది ఇక్కడే. తెలంగాణలో పదో తరగతి పరీక్షకు మామూలుగా 14 ఏళ్లు నిండాలి, తక్కువైతే బడి ద్వారా మినహాయింపు కోరాలి. సార్వత్రిక విద్యాసంస్థ ఎన్‌ఐఓఎస్‌లో పదికి 14, ఇంటర్ స్థాయికి 15 ఏళ్లు కనీస వయసు. ఇంజినీరింగ్ కోసం రాష్ట్ర ఈఏపీసెట్ రాయాలంటే ఆ ఏడాది డిసెంబర్ 31 నాటికి 16 ఏళ్లు నిండాలి. నీట్‌కు అదే తేదీకి 17. బైపీసీ ఎంత ముందుగా పూర్తి చేసినా ఎంబీబీఎస్ కోసం ఆ వయసు వచ్చేదాకా ఆగాల్సిందే. జేఈఈ అడ్వాన్స్‌డ్‌కు మాత్రం గరిష్ఠ వయసే ఉంది, కనిష్ఠ వయసు లేదు. 2010లో ఢిల్లీకి చెందిన సహల్ కౌశిక్ 14 ఏళ్లకే ఐఐటీ ప్రవేశ పరీక్షలో 33వ ర్యాంకు తెచ్చుకోగలిగింది అందుకే.

అయితే ఇందులో ఒక చిక్కుంది. జేఈఈ అడ్వాన్స్‌డ్ అవకాశాలు వయసును బట్టి కాకుండా ఇంటర్ రెండో ఏడాది రాసిన సంవత్సరాన్ని బట్టి లెక్కకొస్తాయి. ఆ ఏడాది, ఆ మరుసటి ఏడాది, అంతే. పద్నాలుగేళ్లకు ఇంటర్ ముగించిన పిల్లవాడికి పదిహేనేళ్లకే రెండు అవకాశాలూ అయిపోతాయి. తోటివాళ్లు మొదటి ప్రయత్నం కూడా చేయకముందే అతనికి ఆ దారి మూసుకుపోతుంది. ముందుగా ఇంటర్ రాయించాలనుకునేవాళ్లు ముందు దీన్ని లెక్కలోకి తీసుకోవాలి.

ముందుగా కాలేజీకి వెళ్లడం ఈ నేలకు కొత్తదేమీ కాదు. 1888లో పుట్టిన సి.వి. రామన్ విశాఖపట్నంలో చదువుకుంటూ పదకొండో ఏట మెట్రిక్యులేషన్, పదమూడో ఏట ఇంటర్‌కు సమానమైన ఎఫ్‌ఏ పూర్తి చేశారు. 1904లో మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీ నుంచి బీఏ పట్టా అందుకునే నాటికి పదహారేళ్లు నిండలేదు. ఇక ఈ తరంలో, ఈ నగరంలోనే, టేబుల్ టెన్నిస్ క్రీడాకారిణి నైనా జైస్వాల్ ఎనిమిదో ఏట పది, పదమూడో ఏట జర్నలిజం డిగ్రీ పూర్తి చేసి వార్తల్లోకెక్కారు. ఇలాంటి కథలు పత్రికల్లో వచ్చినప్పుడల్లా ఊళ్లో పది ఇళ్లలో ఆశలు లేస్తాయి. ఆ పిల్లల వెనక ఇంట్లోవాళ్లు ఏళ్ల తరబడి పెట్టిన సమయం మాత్రం వార్తలో పెద్దగా కనిపించదు.

‘చిన్న వయసులో పంపితే మానసికంగా దెబ్బతింటారు’ అనే భయం ఎంతవరకు నిజం? దీనిపై అమెరికాలో అరుదైన సమాచారం ఉంది. జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో జూలియన్ స్టాన్లీ అనే ఆచార్యుడు 1969లో జోసెఫ్ బేట్స్ అనే పదమూడేళ్ల బాలుణ్ని కాలేజీలో చేర్పించారు. ఆ అనుభవంతోనే 1971లో గణితంలో ప్రతిభ ఉన్న పిల్లలపై దీర్ఘకాలిక అధ్యయనం మొదలుపెట్టారు. అలా గుర్తించిన పిల్లలను దశాబ్దాల పాటు గమనించి, వాళ్లకు యాభై ఏళ్లు వచ్చాక పరిశీలించిన ఫలితాలు 2020లో వెలువడ్డాయి. తరగతులు దాటించడానికీ తర్వాతి జీవితంలో మానసిక ఆరోగ్యం దెబ్బతినడానికీ సంబంధం కనిపించలేదని వాటి సారాంశం. ఊరికే భయపడనక్కర్లేదని చెప్పడానికి ఇది బలమైన ఆధారమే. కానీ వాళ్లు జాగ్రత్తగా పరీక్షించి గుర్తించిన పిల్లలు. ఎవరికి ఎంత వేగం సరిపోతుందో చూసి నడిపించే సలహా కూడా వాళ్లలో చాలామందికి దొరికింది. అదేదీ లేకుండా ఇంటర్ హాల్‌టికెట్ ఒక్కటి ముందే చేతికొచ్చిన మన పిల్లలకు అదే ఫలితాన్ని ఆపాదించలేం.

ఇంతకీ కాలేజీ చదువు ఎక్కడ వేరవుతుంది? ఒక చిన్న లెక్కలో చూడొచ్చు. మూడు కంటే పెద్దదైన ఏ ప్రధాన సంఖ్యను తీసుకున్నా, దాని వర్గంలోంచి ఒకటి తీసేస్తే వచ్చేది 24తో భాగించబడుతుంది. ఫౌండేషన్ బ్యాచ్‌లో చదివిన పిల్లవాడి ముందు దీన్ని నాలుగు ఆప్షన్లతో పెడితే అరనిమిషంలో తేల్చేస్తాడు. ఐదు తీసుకుంటాడు, 25లోంచి ఒకటి తీస్తే 24. ఏడు తీసుకుంటాడు, 49లోంచి ఒకటి తీస్తే 48. ఆప్షన్ గుర్తుపెట్టి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోతాడు. అలా వెళ్లమనే అతనికి నేర్పారు, పోటీ పరీక్షలో అది మంచి పద్ధతే. కాలేజీలో లెక్చరర్ అడిగేది వేరే ప్రశ్న: ప్రతి ప్రధాన సంఖ్యకూ ఇలాగే అవుతుందని నీకెలా తెలుసు? కాగితం మీద వాక్యాల్లో రాసి చూపించు.

అక్కడ చాలామంది ఆగిపోతారు. తెలివి తక్కువై కాదు, ఆ పని ఎప్పుడూ చేయలేదు కాబట్టి. వర్గంలోంచి ఒకటి తీసేయడమంటే ఆ సంఖ్యకు ముందున్న దాన్నీ వెనకున్న దాన్నీ గుణించడమేనని ముందు పట్టుకోవాలి. మూడు కంటే పెద్ద ప్రధాన సంఖ్య బేసి సంఖ్యే కాబట్టి దానికి అటూ ఇటూ ఉన్న రెండూ సరి సంఖ్యలు. వరుస సరి సంఖ్యల్లో ఒకటి నాలుగుతో కూడా భాగించబడుతుంది, కాబట్టి వాటి లబ్ధం ఎనిమిదితో భాగించబడుతుంది. పక్కపక్కనే ఉన్న మూడు సంఖ్యల్లో ఏదో ఒకటి మూడుతో భాగించబడాలి, మధ్యలోది ప్రధాన సంఖ్య కాబట్టి అది కాదు, అంటే అటుదో ఇటుదో కావాలి. ఎనిమిది, మూడు రెండూ కుదిరాయి కాబట్టి 24 కుదిరింది. ఇందులో ఎనిమిదో తరగతి దాటిన గణితం ఏమీ లేదు. అయినా ఈ ఐదు వాక్యాలను మరొకరు చదివితే సందేహం రాకుండా రాయడానికి మొదటిసారి గంట పట్టొచ్చు. ఆ గంటసేపు విసుక్కోకుండా కూర్చోగలిగిన పిల్లవాడు కాలేజీకి దగ్గరగా ఉన్నాడు. జవాబు తెలిసిపోయింది, ఇంకా ఎందుకు రాయడం అని విసుక్కునేవాడు ర్యాంకు ఎంత మంచిదైనా ఇంకా దూరంగానే ఉన్నాడు.

సిలబస్‌ను రెండేళ్లు ముందుకు జరపడం వల్ల ఈ సామర్థ్యం వచ్చేయదు. పైగా కోచింగ్ పద్ధతి కొన్ని అలవాట్లను బలంగా ముద్రిస్తుంది. ఏ రోజు ఏది చదవాలో షెడ్యూల్ చెబుతుంది. సందేహమొస్తే డౌట్స్ కౌంటర్‌కు వెళ్తే సాల్వ్ చేసి ఇచ్చేస్తారు. ఆదివారం గ్రాండ్ టెస్ట్ ఉంటుంది, సోమవారానికి మార్కులు గోడ మీదికొస్తాయి, తల్లిదండ్రుల ఫోన్‌కు మెసేజ్ వస్తుంది. కాలేజీలో ఇవన్నీ ఒక్కసారిగా మాయమవుతాయి. రెండు నెలల పాటు ఎవరూ ఏమీ అడగరు. లెక్చరర్ పుస్తకం పేరు చెప్పి వెళ్లిపోతారు. ఆయన గదికి వెళ్లి ఫలానా చోట అర్థం కాలేదని చెప్పుకోవడానికి కొంత ధైర్యం, కొంత భాష కావాలి. ఎప్పుడూ ఫస్టు వచ్చిన పిల్లలకు ‘నాకు రాలేదు’ అని ఒకరి ముందు ఒప్పుకోవడమే అన్నిటికంటే కష్టం.

ఈ మార్పు కోసం ప్రత్యేకంగా ఒక ఏడాదిని కేటాయించిన చోట్లున్నాయి. సియాటిల్‌లోని యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో 1977లో హాల్బర్ట్ రాబిన్సన్ మొదలుపెట్టిన కార్యక్రమంలో, హైస్కూలు ఈడు పిల్లలు నేరుగా డిగ్రీలో కూర్చోరు. ముందు ఒక సంవత్సరం ట్రాన్సిషన్ స్కూల్‌లో చదువుతారు. తీసుకునేది కొద్దిమందినే. గణితం, సైన్స్‌తో పాటు చరిత్ర, ఇంగ్లిష్ రచన మీద అక్కడ గట్టిగా పనిచేయిస్తారు. చదివింది సంగ్రహించడం, వాదన రాయడం, రాసిందాన్ని మళ్లీ మళ్లీ దిద్దుకోవడం, సమయాన్ని తానే పంచుకోవడం నేర్పుతారు. ముఖ్యంగా ఆ ఏడాది చివర కాలేజీకి వెళ్లకుండా మామూలు హైస్కూలుకు తిరిగి వెళ్లినా దాన్ని ఓటమిగా చూడరు. మసాచుసెట్స్‌లో 1964లో ఎలిజబెత్ బ్లాడ్జెట్ హాల్ స్థాపించిన సైమన్స్ రాక్ మరో పద్ధతి పాటించింది. అక్కడ కాలేజీ అంతా పదహారేళ్ల చుట్టుపక్కల వయసువాళ్లదే, కాబట్టి చిన్నవాడిగా విడిగా కనిపించే ఇబ్బంది ఎవరికీ ఉండేది కాదు.

తెలుగు నేల మీద అలాంటిది లేదనుకుంటాం గానీ, దానికి దగ్గరి ప్రయోగం పెద్ద ఎత్తున జరిగింది. 2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో మొదలైన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం, అందరూ ట్రిపుల్ ఐటీ అని పిలిచేది, పది పాసైన పిల్లలను పదిహేనేళ్లకే యూనివర్సిటీ క్యాంపస్‌లోకి తీసుకుంటుంది. ఇంటర్‌కు సమానమైన రెండేళ్ల పీయూసీ, నాలుగేళ్ల బీటెక్ కలిపి ఆరేళ్లు. ప్రవేశ పరీక్ష లేదు, పదో తరగతి ఫలితమే ప్రాతిపదిక, బాసరలో ప్రభుత్వ బడుల పిల్లలకు అదనపు వెయిటేజీ కూడా ఉంది. గ్రామాల నుంచి వచ్చిన వేలమంది పిల్లలు కోచింగ్ మొహం చూడకుండానే యూనివర్సిటీ వాతావరణంలో పెరిగారు. బాసర హైదరాబాద్‌కు సుమారు 200 కిలోమీటర్లే అయినా, ముందస్తు కాలేజీ గురించి నగరంలో జరిగే చర్చల్లో దాని ఊసే రాదు. ఆ మొదటి రెండేళ్లలో పిల్లలు ఎక్కడ తడబడతారు, ఏ సాయంతో నిలబడతారు అన్నది అక్కడి అధ్యాపకులకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. నగరంలోని విద్యావేత్తలు వెళ్లి వాళ్లను అడిగి రాసుకోవలసిన సమాచారం అది.

అలాంటి పరివర్తన సంవత్సరాన్ని హైదరాబాద్‌లో ఇంటి దగ్గరే ఏర్పాటు చేసుకోవచ్చు, పెద్ద ఖర్చు లేకుండా. మొదటి మెట్టుగా ఎన్‌పీటెల్ కోర్సు ఒకటి చాలు. ఐఐటీల, ఐఐఎస్సీ అధ్యాపకులు చెప్పే ఆ పాఠాలు వినడం ఉచితం, పరీక్ష రాయాలనుకుంటే ఒక కోర్సుకు 1,000 రూపాయలు. పన్నెండు వారాల కోర్సులో వారానికో అసైన్‌మెంట్ ఉంటుంది. వాటిలో ఉత్తమమైన ఎనిమిదింటి సగటుకు 25 మార్కులు, కేంద్రానికి వెళ్లి రాసే పరీక్షకు 75. తొమ్మిదో తరగతి పిల్లవాడు దీన్ని చేస్తున్నప్పుడు ఇంట్లోవాళ్లు చేయవలసిన పని ఒక్కటే, గడువు గుర్తు చేయకుండా ఉండటం. ఒకటి రెండు గడువులు దాటిపోతాయి. మార్కులు పోతాయి. ఎనిమిదింటిని లెక్కలోకి తీసుకునే పద్ధతి కాబట్టి నష్టం తట్టుకోగలిగేంతే ఉంటుంది. తన సమయాన్ని తాను చూసుకోవడం నేర్వడానికి ఇంత చవకైన చోటు మరొకటి దొరకదు.

రెండోది రాయడం. నగరంలో అన్నిటికంటే నిర్లక్ష్యానికి గురైన సామర్థ్యం ఇదే. మన ప్రతిభావంతులైన పిల్లల్లో చాలామంది బబుల్స్ నింపుతూ పెరిగినవాళ్లు, నాలుగు పేజీలు వరుసగా రాసింది లేదు. వారానికి ఒక పేజీ, తెలుగులోనైనా ఇంగ్లిష్‌లోనైనా, తాను చదివిన ఒక విషయాన్ని తెలియనివాళ్లకు అర్థమయ్యేలా రాయిస్తే, దాన్ని ఇంట్లో ఒకరు చదివి ఎక్కడ అర్థం కాలేదో చెబితే చాలు. మెచ్చుకోవడం కంటే ఆ అర్థం కాని చోటు చూపించడమే వాళ్లకు మేలు చేస్తుంది. పాఠ్యపుస్తకం కాని పుస్తకాల కోసం ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ ఉంది, అఫ్జల్‌గంజ్‌లో 1891 నాటి అసఫియా లైబ్రరీ వారసత్వంగా స్టేట్ సెంట్రల్ లైబ్రరీ ఉంది. ఏ పుస్తకం కావాలో వెతుక్కోవడం, దొరక్కపోతే అడగడం కూడా నేర్వవలసిన పనులే.

మూడోది ఓడిపోవడం అలవాటు చేసుకోవడం. దీనికి గణిత ఒలింపియాడ్ దారి బాగా పనికొస్తుంది. ఐఓక్యూఎం (అర్హత పరీక్ష), ఆర్‌ఎంఓ (ప్రాంతీయ), ఐఎన్‌ఎంఓ (జాతీయ) అని మెట్లు మెట్లుగా ఉండే ఈ పరీక్షల్లో పైమెట్లలో పూర్తి నిరూపణలు రాయాలి. మూడు నుంచి నాలుగున్నర గంటల్లో ఆరు ప్రశ్నల్లో రెండు చేస్తే బాగా చేసినట్టే. ఎప్పుడూ తొంభై ఎనిమిది శాతానికి తగ్గని పిల్లలకు ఇది మంచి కుదుపు. ఇంకో లాభం కూడా ఉంది. గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ ఒలింపియాడ్ శిక్షణ శిబిరాల దాకా వెళ్లినవారికి ప్రత్యేక ప్రవేశ మార్గం పెట్టింది, చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ ఐఎన్‌ఎంఓలో నెగ్గినవారిని ప్రవేశ పరీక్ష లేకుండా పరిశీలిస్తుంది. తరగతులు దాటించకుండా లోతు పెంచే దారులివి.

తెలివి ఎంత ముందున్నా అన్నీ ఒకే వేగంతో పెరగవన్నది పెద్దలు పదేపదే మరచిపోయే విషయం. పద్నాలుగేళ్ల పిల్లవాడు కాలిక్యులస్‌లో ఇరవై ఏళ్లవాడితో సమానం కావచ్చు, హాస్టల్ గదిలో రూమ్మేట్‌తో గొడవైతే మాత్రం పద్నాలుగేళ్లవాడే. ఒక సబ్జెక్టులోనే శిఖరాన ఉండి మిగతావాటిలో మామూలుగా ఉండే పిల్లలూ ఉంటారు. శ్రీనివాస రామానుజన్ అంతటివాడు గణితం తప్ప వేరేది పట్టించుకోక కుంభకోణం కాలేజీలో స్కాలర్‌షిప్ పోగొట్టుకుని, ఎఫ్‌ఏ పరీక్ష తప్పాడు. అలాంటి పిల్లలను మొత్తంగా రెండు తరగతులు దాటించడం కంటే ఆ ఒక్క సబ్జెక్టులో పైస్థాయి పాఠం ఏర్పాటు చేసి మిగతావాటిలో తోటివాళ్ల మధ్యే ఉంచడం మేలు. మన బడుల్లో ఈ మధ్యేమార్గం దాదాపు ఎక్కడా లేదు. ఎనిమిదో తరగతి పిల్లవాణ్ని లెక్కల పీరియడ్‌కు మాత్రం పదో తరగతిలో కూర్చోబెట్టడానికి ప్రభుత్వ అనుమతి అక్కర్లేదు, టైమ్‌టేబుల్ సర్దగల హెడ్‌మాస్టర్ చాలు. జాతీయ విద్యావిధానం 2020 ప్రతిభావంతులైన విద్యార్థులకు అదనపు అవకాశాలివ్వాలని రాసింది, దాన్ని అమలు చేయడం ఇంత చిన్న పనితో కూడా మొదలుపెట్టవచ్చు.

ఆడపిల్లల విషయంలో ఇంకో అడ్డంకి ఎదురవుతుంది. తమ్ముణ్ని పదిహేనేళ్లకు దూరపు క్యాంపస్‌కు పంపే ఇల్లే అక్కకు మాత్రం ‘చిన్నపిల్ల, ఎలా పంపుతాం’ అంటుంది. భద్రత గురించి భయం ఉండటం సమంజసమే, అది ఇద్దరి విషయంలోనూ ఉండాలి. పద్దెనిమిది నిండని విద్యార్థికి కాలేజీలో బాధ్యత వహించే అధ్యాపకుడెవరు, హాస్టల్‌లో ఎవరితో గది ఇస్తారు, ఒంట్లో బాగోలేకపోతే సంతకం ఎవరు పెడతారు అన్న ప్రశ్నలకు కాలేజీ రాతపూర్వకంగా జవాబివ్వగలగాలి. ఇవ్వలేని చోటికి అబ్బాయినైనా అమ్మాయినైనా పంపకూడదు. మొదటి రెండేళ్లు ఇంటి నుంచి వెళ్లి రాగల కాలేజీ దొరికితే ర్యాంకింగ్ కొంచెం తక్కువైనా అదే మంచిది. ఉప్పల్ నుంచి గచ్చిబౌలికి మెట్రోలో రాయదుర్గం దాకా వెళ్లి, బస్సు మారి, తిరిగి రావడం ఒంటరిగా చేయగలుగుతున్నారా అన్నది కూడా చూసుకోవలసిన సన్నద్ధతే.

అందరికీ ముందు వెళ్లడమే పరిష్కారం కూడా కాదు. మామూలు వయసులో చేరి లోపల వేగంగా సాగే వీలు ఇప్పుడుంది. 2024 చివర్లో యూజీసీ ఆమోదించిన వేగవంతమైన డిగ్రీ విధానంలో, మూడేళ్ల డిగ్రీని ఐదు సెమిస్టర్లలో, నాలుగేళ్లదాన్ని ఆరు లేదా ఏడు సెమిస్టర్లలో పూర్తి చేయవచ్చు. అందుకు విద్యాసంస్థలు పది శాతం సీట్ల వరకు కేటాయించవచ్చు. ఇందులో జేఈఈ అవకాశాలు వృథా కావు, వయసు మినహాయింపుల కోసం తిరగక్కర్లేదు, తోటివాళ్లను వదులుకోనక్కర్లేదు. సమయం కలిసిరావడమే లక్ష్యమైతే చాలామందికి ఈ దారే నయం. బడి తమకు నిజంగా ఇరుకైపోయి, చదువు మీద ఇష్టమే చచ్చిపోతున్న కొద్దిమందికి మాత్రం ముందు వెళ్లడం అవసరం. వాళ్లను గుర్తించే పద్ధతి కూడా సూటిగానే ఉంటుంది. ఎవరూ చెప్పకుండా పైస్థాయి పుస్తకం పట్టుకుని కూర్చునేవాళ్లు, కాలేజీకి వెళ్దామని తామే అడిగేవాళ్లు వాళ్లు. ఆ కోరిక నాన్నదో, బంధువుల ముందు చెప్పుకోవాలన్న అమ్మదో అయితే ఆగడం మంచిది.

చేరిన తర్వాత వెనక్కి వచ్చే దారి తెరిచే ఉంచాలి. పూర్తి చేసిన కోర్సులకు వచ్చే క్రెడిట్లను విద్యార్థి ఖాతాలో జమచేసే పద్ధతి, 2021 నుంచి అమలులో ఉన్న అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో నమోదైన సంస్థల్లో సంపాదించిన క్రెడిట్లు గరిష్ఠంగా ఏడేళ్ల వరకు చెల్లుతాయి. ఒక సెమిస్టర్ ఆగినా చదివింది వృథా పోదు. చేరేముందే ఒక గడువు అనుకోవడం మంచిది. దసరా సెలవులకు పిల్లవాడు ఇంటికొచ్చినప్పుడు మార్కుల సంగతి పక్కన పెట్టి మూడు విషయాలు అడగాలి. భోజనం ఎవరితో చేస్తున్నావు? అర్థం కాని పాఠం గురించి ఏ లెక్చరర్ దగ్గరికి వెళ్లావు? సిలబస్‌లో లేనిది ఏం చదువుతున్నావు? మూడింటికీ పేర్లతో సహా జవాబొస్తే బండి సాగుతున్నట్టే. రెండింటికి మౌనమే జవాబైతే, సంక్రాంతి దాకా ఆగకుండా డిపార్ట్‌మెంట్‌కు వెళ్లి వచ్చే సెమిస్టర్‌లో సబ్జెక్టులు తగ్గించే వీలుందేమో అడగాలి, ఆ మాటలు జరిగేటప్పుడు పిల్లవాడూ ఆ గదిలో ఉండాలి.